రెండో నీళ్ళు

మా ఇంట్లో నీళ్ళు రెండు రకాలు. నల్లాలోంచో బోరులోంచో వచ్చేవి మొదటి నీళ్ళు. వాటితో తెల్లబట్టలు జాడించాక మిగిలేవి రెండో నీళ్ళు. ఆ రెండో నీళ్ళను పారబోయడమంటే మా అమ్మ దృష్టిలో వండిన అన్నం పారబోయడమే. మన్సూరాబాద్‌లో మా ఇంటి వెనకాల, బట్టలుతికే బండ పక్కన ఒక నీలం డ్రమ్ము ఉంటుంది. తెల్లబట్టల జాడింపు అయ్యాక ఆ నీళ్ళన్నీ బకెట్‌తో అందులోకి పోతాయి. రంగుబట్టలు, దుప్పట్లు, కాళ్ళు తుడుచుకునే పట్టాలు, నాన్న షాపుకు వేసుకెళ్ళే ప్యాంట్లు ఆ డ్రమ్ములో నీళ్ళతోనే ఉతుకుతుంది, ఆ నీళ్ళతోనే జాడిస్తుంది. ఆఖరి జాడింపుకు మాత్రం మొదటి నీళ్ళు. ఆ ఆఖరిది ఎప్పుడో ఆమె చేతికే తెలిసిపోతుంది. బట్టను పిండిన వేళ్ళను ఒకసారి రాసి చూసుకుని, "ఇగ మంచినీళ్ళు తేయే" అని నన్ను కేకేస్తుంది.

ఇదంతా పోచంపల్లి పక్కన మా ఊళ్ళో మగ్గం ఉన్న రోజుల నాటి అలవాటు. నాన్న నూలుకు చిటికి కట్టేవాడు, అంటే రంగు ఎక్కకూడని చోట పోగులను గట్టిగా ముడి వేసేవాడు. అమ్మ ఆ నూలును రంగులో ముంచి, తీసి, కడిగేది. అంత నూలు కడగాలంటే నీళ్ళను లెక్కగా వాడక తప్పదు. తర్వాత మగ్గం అమ్మేశాం. నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో సేల్స్‌మన్‌గా కుదిరాడు. మన్సూరాబాద్‌కు వచ్చాక కూడా నల్లా రోజు విడిచి రోజే వచ్చేది, ఎండాకాలం బోరు దగ్గడం మొదలుపెట్టేది. అమ్మ అలవాటు మారాల్సిన అవసరం ఒక్కరోజు కూడా రాలేదు.

నేను మాత్రం బట్టలుతికే మిషన్లు చేసే ఒక విదేశీ కంపెనీలో ఇంజనీరునయ్యాను. ఎల్బీనగర్ దాటాక వచ్చే కాలేజీల్లో ఒకదాంట్లో చదివి, దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో మూడో అంతస్తులో ఆరు నెలలు కోర్సు చేసి, ఊరికి పడమటి చివర గాజు మేడలో ఉద్యోగం తెచ్చుకున్నాను. పొద్దున ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగడం. మా అంతస్తు తలుపు మీద "ఆర్ అండ్ డీ సెంటర్" అని రాసి ఉంటుంది. అమ్మ అడిగితే, కొత్త మిషన్లు కనిపెట్టే చోటు అని చెప్పాను. అది పూర్తిగా నిజం కాదని నాకు తర్వాత తెలిసింది.

మిషన్ ఒక్కటే గానీ దాన్ని కనిపెట్టే పనిని మా కంపెనీ నాలుగు దేశాలకు పంచింది. మోటారు ఒక దేశం, బట్టలు తిరిగే తొట్టి ఇంకో దేశం. ఎప్పుడు తిరగాలి, ఎప్పుడు ఆగాలి అని ఆలోచించే బోర్డు మాత్రం హెడ్డాఫీసు దేశం. ఆ బోర్డు చెప్పినట్టు మిషన్ నడుస్తోందో లేదో చూసి, తప్పు దొరికితే రాసి పంపడం మా వంతు. మీటింగు గదిలో గోడంత ప్రపంచ పటం ఉంటుంది. హెడ్డాఫీసు ఉన్న చోట పెద్ద ఎర్రటి గుండ్రం, మిగతా రెండు చోట్ల దానికంటే చిన్నవి, హైదరాబాద్ దగ్గర ఒక చుక్క. చేరిన కొత్తలో ఆ చుక్కను చూసి తెగ మురిసిపోయాను. రెండేళ్ళ తర్వాత గానీ దాని పక్కన సన్నగా రాసిన మాట చదవలేదు. "సపోర్ట్ సైట్" అని ఉంది.

ఇన్ని దేశాలకు పంచడం ఎందుకో చేరిన రోజే మాకు స్లైడు వేసి చెప్పారు. తెలివైనవాళ్ళు ఎక్కడుంటే అక్కడికి పోవాలని ఒకటి. కొనేవాళ్ళకు దగ్గరగా ఉండి వాళ్ళ అవసరం తెలుసుకోవాలని రెండోది. ఒక దేశం పడుకునే వేళకు ఇంకో దేశం లేచి పని ఆగకుండా నడపాలని మూడోది. ఈ మూడోది అక్షరాలా నిజం. నాలుగో కారణం ఒకటుంది, అది ఏ స్లైడులోనూ ఉండదు, ఇక్కడ మనుషులు చవక. ఇక మొదటి రెండూ ఎంతవరకు నిజమో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా ఆఫీసులో అందరి నోటా ఆడే మాట ఒకటుంది. అంట. ఈ నెల విడుదల లేదంట. ఆ సెన్సరు ముట్టుకోవద్దంట. రిపోర్టు ఇలా కాదంట, అలా రాయాలంట. ఎవరన్నారు అని ఎవరూ అడగరు, ఎవరో అందరికీ తెలుసు. అక్కడ అనడం, ఇక్కడ అంట. ఎంత చదువుకున్నవాళ్ళమైనా మాకు మాకుగా తెలిసింది ఏమీ లేనట్టే మాట్లాడుకునేవాళ్ళం. ఇంటికొచ్చినా నా నోటికి అదే వచ్చేది. "మీ ఆఫీసుల ఎవ్వలు ఏం జెయ్యరానే? పొద్దుందాక అంట, అంట" అని అమ్మ ఎగతాళి చేసేది.

అప్పట్లో కొత్త మిషన్ ఒకటి విడుదలకు సిద్ధమవుతోంది. దాని గొప్ప అంతా లోపలున్న ఒక కన్ను. ఒక పక్క చిన్న దీపం, ఎదురుగా ఆ దీపాన్ని చూసే సెన్సరు. జాడించిన నీళ్ళు తేటగా ఉంటే బట్టలు శుభ్రమయ్యాయని లెక్క. అప్పుడు ఆఖరి జాడింపు చేసి ఆగిపోతుంది. నీళ్ళు మసకగా ఉంటే మురికి ఇంకా పోలేదని మళ్ళీ జాడిస్తుంది. ఎన్నిసార్లు జాడించాలో మనిషి చెప్పనక్కర్లేదు, బటన్ కూడా లేదు. హెడ్డాఫీసులో ఒకావిడ ఏళ్ళ తరబడి ఆ కన్ను మీదే పనిచేసిందట. మన దేశం కోసం ఒక్క మార్పు చేశారు. నల్లాలో ధార లేకపోతే మిషన్ ఆగి "నీళ్ళు పోయండి" అంటుంది, మూత తెరిచి బకెట్‌తో పోయొచ్చు. మా ల్యాబులో మూడు నెలలు పరీక్షలు చేసింది నేనే. హెడ్డాఫీసు పంపిన కొలతల ప్రకారం శుద్ధి చేసిన నీళ్ళలో ఉప్పులు కలిపి, ఆ నీళ్ళే పోసి, పాస్ అని సంతకం పెట్టింది కూడా నేనే. ఆ సంతకం సంగతి నేను దాచను.

విడుదలకు ముందు కొన్ని మిషన్లను ఉద్యోగుల ఇళ్ళలో పెట్టి చూడాలన్నారు. పేర్లిచ్చిన వాళ్ళంతా ఆఫీసు చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాళ్ళు, ఇరవై నాలుగు గంటలూ నీళ్ళొచ్చే ఇళ్ళు. నేనూ నా పేరిచ్చాను. "ఎల్బీనగరా? అక్కడ విజయవాడ బస్సెక్కడమే తప్ప మనుషులు ఉంటారని తెలియదే" అని పక్క సీటు వాడు నవ్వాడు. "ఉంటాం, బట్టలు కూడా ఉతుక్కుంటాం" అన్నాను. దూరమని కొంచెం నసిగి చివరికి ఒక మిషన్ మా ఇంటికి పంపారు.

మిషన్‌ను బండ పక్కనే, డ్రమ్ముకు అందేంత దూరంలో పెట్టించింది అమ్మ. మొదటి వారం నల్లా వచ్చిన రోజుల్లోనే వేశాం, అంతా బాగానే ఉంది. రెండో శనివారం నాన్నకు టిఫిన్ ఇవ్వడానికి దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి, కొత్తపేట మీదుగా నింపాదిగా ఇంటికొచ్చేసరికి పన్నెండు దాటింది. నేను వెళ్ళేముందు మిషన్‌లో దుప్పటి వేసిన అమ్మ అదే చోట నిలబడి ఉంది. కొంగు నడుముకు దోపి, చేతిలో బకెట్ పట్టుకుని.

"ఏందమ్మా, ఇంకా కాలేదా?"

"నేను పోస్తనే ఉన్న, గిది జాడిస్తనే ఉన్నది. ఆఖరిది ఎప్పుడో చెప్తలేదు."

"ఏ నీళ్ళు పోస్తున్నవ్?"

"రెండోయి. ఆఖరిది అని చెప్తే మంచినీళ్ళు పోద్దామని సూస్తున్న."

నల్లా రాని రోజు అది, పైపులో ధార లేదు. మిషన్ అడిగినప్పుడల్లా అమ్మ డ్రమ్ములోంచి ముంచి పోస్తోంది. తెర మీద చూస్తే "జాడింపు నడుస్తోంది, నీళ్ళు పోయండి" అని ఉంది. నాకు ఒక్క క్షణం నవ్వొచ్చింది, అంతలోనే సంగతి అర్థమైంది. ఆఖరిది అని మిషన్ చెప్తే మంచినీళ్ళు పోద్దామని అమ్మ చూస్తోంది. మంచినీళ్ళు కనిపిస్తే ఆఖరిది అని చెబుదామని మిషన్ చూస్తోంది. పొద్దున్నుంచి ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగి ఉన్నారు.

మిషన్ ఆపి దుప్పటి బయటకు తీశాను. ఎరుపు, నలుపు రంగుల దుప్పటి, మగ్గం అమ్మేముందు నాన్న చిటికి కట్టి ఇంట్లో నేసిన ఆఖరి దుప్పటి. రంగు కదల్లేదు గానీ గంటల తరబడి తిరిగి తిరిగి అంచు పొడవునా పోగులు లేచిపోయాయి. అమ్మ ఆ అంచును వేళ్ళతో సవరించి చూసింది. "నాకే చేతనైతలేదు బిడ్డా. గంత పెద్ద మిషన్, గంత దూరంకెల్లి ఆలోచన చేసి చేసిన్రు, గది తప్పు చేస్తదా?" అంది. ఆ సాయంత్రం మిషన్ మీద పాత చీర ఒకటి కప్పేసింది. సోమవారం నుంచి మళ్ళీ బండ దగ్గరే, నొప్పి మోకాలు చాపుకుని ఉతకడం మొదలుపెట్టింది. వద్దంటే వినలేదు. "నాకు గదే వస్తది" అంది.

నాకు అప్పుడు పట్టిన కోపం ఇంకా దిగలేదు. మా అమ్మ నీళ్ళను చేత్తో ముట్టుకుని ఏ నూలుకు ఏ రంగు పడుతుందో చెప్పగలిగిన మనిషి. జీవితంలో మొదటిసారి నీళ్ళ విషయంలో నాకు చేతకాదు అంది. అలా అనిపించిన మిషన్‌కు పాస్ అని సంతకం పెట్టింది నేను.

ఆఫీసులో తప్పుల చిట్టాలో అంతా వివరంగా రాశాను. ఏ నీళ్ళు, ఎన్ని బకెట్లు, ఎందుకు పోసింది, మిషన్ ఏమంది, ఒక్కటీ వదల్లేదు. రెండు రోజులకు జవాబొచ్చింది. కారణం అనే గడిలో డిజైన్ లోపం, ప్రోగ్రాము లోపం, విడిభాగం లోపం అంటూ ఒక వరుస ఉంటుంది, అందులోంచి ఒకటి ఎంచుకోవాలి. వాళ్ళు అన్నిటికంటే కింద ఉన్నదాన్ని ఎంచుకున్నారు. వాడినవారి తప్పు. దాని కింద మూడే ముక్కలు: వాడేసిన నీళ్ళు పోశారు, మిషన్ అనుకున్నట్టే పనిచేసింది. దయచేసి మూసేయగలరు.

మా చిట్టాకు ఒక నియమం ఉంది. తప్పును ఎవరు తెరిచారో వాళ్ళే మూయాలి. ఇంకొకరు నొక్కితే మూతపడదు. ఆ నియమం పెట్టింది కూడా హెడ్డాఫీసు వాళ్ళే. చిట్టాలో ఇలాంటిది ఒక్కటి తెరిచి ఉన్నా విడుదల ఆగుతుంది. ఆ వారమంతా నేను మూయలేదు.

మా మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. గుంటూరు వైపు ఆయన, మంచి మనిషే, గొంతు ఎప్పుడూ పెంచడు.

"అది క్లోజ్ చేసేయండి. వచ్చే గురువారం విడుదల మీటింగు పెట్టుకున్నాం."

"చేయనండి."

"ఎందుకని?"

"అది వాడినవారి తప్పు కాదు కాబట్టి."

"ఇంతకీ వాడింది ఎవరండీ?"

"మా అమ్మ."

ఆయన నవ్వాడు. "ఓహో, అదా సంగతి. అమ్మగారిని ఎవరూ ఏమీ అనలేదండీ. అదొక గడి, అంతే."

"ఆ గడిలో ఉన్నది మా అమ్మేనండీ. ఆవిడతో పాటు మా గల్లీ అంతా ఉంది. నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఇళ్ళలో ఎవరూ రెండో నీళ్ళు పారబోయరు. నీళ్ళు పోయండి అని అడిగింది మిషనే. ఏ నీళ్ళో అది చెప్పలేదు."

ఆయన కాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. హైదరాబాద్ వాళ్ళతో కొంచెం కష్టంగా ఉందని అక్కడ అనుకుంటున్నారట. టెస్టింగు పనిని ఇంకో దేశానికి మార్చే ఆలోచన కూడా ఉందట. "చూడండి, మార్చేస్తాం అంటున్నారంట" అన్నాడు. అంటున్నారంట! ఒక అంట సరిపోక రెండు వేశాడు. అంత కోపంలోనూ నాకు నవ్వాగలేదు. కానీ మెట్రోలో ఇంటికొస్తుంటే భయం వేసింది. వెయ్యలేదంటే అబద్ధం చెప్పినట్టే. నా ఒక్కదాని మొండితనానికి మా టీము అందరి పని పోతే ఎవరికి ముఖం చూపించాలి? మలక్‌పేట దాటేదాకా మూసేద్దామనే అనుకున్నాను. ఎల్బీనగర్‌లో దిగి ఇంటికెళ్ళేసరికి అమ్మ బండ దగ్గర గోడ పట్టుకుని లేస్తోంది. మూయకూడదని అక్కడ నిలబడే తేల్చుకున్నాను.

ఆదివారం పొద్దున నాన్నకు చెప్పాను. చాయ్ గ్లాసు కింద పెట్టి, "గాళ్ళ మిషన్, గాళ్ళ ఇష్టం. నీకెందుకే లొల్లి?" అన్నాడు. జీవితమంతా ఇంకొకరు గీసిచ్చిన గళ్ళ కాగితం చూసి ముడులు వేసిన మనిషి, ఆయన భయం నాకు అర్థమవుతుంది. కానీ నాకు ఒక సంగతి గుర్తుంది. నా చిన్నప్పుడు చీరకు నెమళ్ళ అంచు కట్టమని, మాకు నూలిచ్చి నేయించుకునే సేటు కాగితం ఇచ్చాడు. కాగితంలో ఉన్నట్టు కడితే నేసేటప్పుడు మెడ దగ్గర విరిగినట్టు వస్తుందని నాన్నకు తెలిసి, ఎవరినీ అడక్కుండా రెండు ముడులు ఎక్కువ వేశాడు.

"నాన్నా, ఆ నెమలి అంచు నువ్వు కాగితం ప్రకారమే కట్టినవా?"

ఆయన గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. మీసం కింద నవ్వు కనిపించింది. "కడితే గా నెమలి మెడ ఇరిగిపోతుండె గదనే" అన్నాడు. ఇంక లొల్లి వద్దని అనలేదు.

సోమవారం హెడ్డాఫీసుకు నేనే నేరుగా రాశాను. మా ఇంట్లో జరిగింది మీ ల్యాబులో చేసి చూడండి, మీ దగ్గర జరక్కపోతే ఆ రోజే మూసేస్తాను అన్నాను. విడుదల వారం వెనక్కి జరిపి ఒప్పుకున్నారు. ఒప్పుకోక ఏం చేస్తారు, బటన్ నా చేతిలో ఉంది. మూడు రోజులకు జవాబొచ్చింది: ఆ తప్పు తమ దగ్గర దొరకలేదట. నీళ్ళలో మెత్తటి మట్టి కలిపి మురికి నీళ్ళు తయారు చేసి పోశారట. మట్టి కాసేపటికి అడుగుకు దిగిపోతోంది, కన్ను తేటగా చూస్తోంది, మిషన్ బుద్ధిగా ఆగిపోతోంది. ఆ మధ్యాహ్నం కాల్‌లో, ఆ కన్ను తయారు చేసిన ఆవిడే మాట్లాడింది. నెరిసిన పొట్టి జుట్టు, సూటి మనిషి. "మీరు చెప్పే నీళ్ళు మా దగ్గర లేవు. వాటిని ఎలా తయారు చేయాలో పద్ధతి రాసి పంపండి" అంది ఇంగ్లీషులో. అందులో వెటకారం లేదు. నిజంగానే ఆ దేశంలో రెండో నీళ్ళు లేవు.

నేను పుట్టినప్పటి నుంచి ఆ నీళ్ళతో ఉతికిన బట్టలే కట్టుకున్నాను గానీ వాటిని ఎలా చేస్తారో ఎప్పుడూ ఆలోచించలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి బండ పక్కన పీట వేసుకుని అమ్మనడిగాను.

"మన్ను కలిపిన్రా?" అమ్మ పిండుతున్న చొక్కా వదిలేసింది. "నీళ్ళల్ల మన్నెవలన్న కల్పుతరా! ముందుగాల తెల్లబట్టలు ఉతకమను."

"తర్వాత?"

"సబ్బు జర తక్కువ పెట్టమను. మంచిగ పిండినంక జాడియ్యమను. గా జాడిచ్చిన నీళ్ళు పారబొయ్యొద్దను. డ్రమ్ముల పోసి మూత పెట్టమను. తెల్లారి తియ్యమను. సబ్బు అడుక్కు దిగదు బిడ్డా, పాలలెక్క గట్లనే ఉంటది."

ఒక్క మాట వదలకుండా రాసుకున్నాను. మర్నాడు దాన్నే ఇంగ్లీషులో, కంపెనీ పద్ధతి పత్రాల్లో ఎలా రాస్తారో అలాగే, ఒకటో మెట్టు, రెండో మెట్టు అని వేసి రాశాను. ఒకటో మెట్టు: తెల్లబట్టలు ఉతకండి. పత్రం చివర ఇది ఎవరు రూపొందించారో రాసే గడి ఉంటుంది. అందులో "వాడినవారు" అని రాశాను. పంపేముందు మేనేజరు చదివాడు. ఆ మాట దగ్గర ఆగి నా వైపు చూశాడు. తీసేయమంటాడేమో అనుకున్నాను. "మూత పెట్టడం ముఖ్యమా?" అని మాత్రం అడిగాడు. "ముఖ్యమేనండీ, దుమ్ము పడుతుంది" అన్నాను.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు కాల్. అక్కడ అప్పుడే పొద్దెక్కింది. తెర మీద వాళ్ళ ల్యాబు కనిపిస్తోంది, తళతళలాడే తెల్ల గోడలు. మధ్యలో మా మిషన్. దాని పక్కన ఒక డ్రమ్ము, దానికి మూత! ముందు రోజు తెల్ల తువ్వాళ్ళు ఉతికి, జాడించి, నీళ్ళు దాచారట. ఆవిడ కోటు చేతులు పైకి మడిచి, దుప్పటి ఒకటి మిషన్‌లో వేసి, బకెట్ పట్టుకుని నిలబడింది. పక్కన వేరే బకెట్‌లో తేట నీళ్ళు. అమ్మ చేసినట్టే చేయాలి, ఆఖరి జాడింపుకే తేట నీళ్ళు పోయాలి అని పద్ధతిలో నేను రాశాను కదా.

మిషన్ నీళ్ళు పోయమంది. ఆవిడ డ్రమ్ములోంచి పోసింది. మిషన్ జాడించింది, నీళ్ళు వదిలేసింది. మళ్ళీ పోయమంది. మళ్ళీ పోసింది. అరగంట దాటింది. ఆవిడ కోటు ముందంతా తడిసింది. ఒక చేయి నడుము మీద పెట్టుకుని మిషన్ తెర వైపు ఒంగి చూసింది, అచ్చం మా అమ్మ నిలబడినట్టే నిలబడి. ఇంకో బకెట్ పోశాక, తేట నీళ్ళ బకెట్ వైపు చేయి చాపి, ఆగి, కెమెరా వైపు తిరిగింది.

"ఇవి ఎప్పుడు పోయాలి? ఆఖరిది ఏదో ఇది చెప్పడం లేదు."

"మా అమ్మ కూడా అదే అడిగిందండీ" అన్నాను.

ఆవిడ బకెట్ కింద పెట్టి, తను ఏళ్ళ తరబడి చేసిన ఆ మిషన్ వైపు కాసేపు చూసింది. తర్వాత చేతులు తుడుచుకుని కంప్యూటరు దగ్గరికెళ్ళి, మా అందరికీ కనిపించేలా ఆ గడి తెరిచింది. వాడినవారి తప్పు అన్నది తీసేసి డిజైన్ లోపం అని పెట్టింది. సాకులు చెప్పలేదు. ఆ ఒక్కపనికి ఆవిడంటే నాకు ఇప్పటికీ గౌరవం.

కన్నును ఇంకా పదును పెడదాం అన్నారు వాళ్ళు. అక్కర్లేదన్నాను. ఇంకా మంచి కన్ను కాదు కావలసింది, మనిషి చేతికి ఒక బటన్. ఇదే ఆఖరు అని మనిషి చెప్పాలి, మిషన్ వినాలి. రెండు మీటింగులు వాదించుకున్నాం. చివరికి బటన్ వచ్చింది, దాని ప్రోగ్రాము ఇక్కడే, హైదరాబాద్‌లోనే రాశాం. టెస్టింగు పని ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ప్రతి కొత్త మిషన్‌ను నాలుగు దేశాల్లోనూ రెండో నీళ్ళతో కూడా పరీక్షించాలి. అంటే అంతంత చదువులు చదివినవాళ్ళు ముందు రోజు తెల్లబట్టలు ఉతికి, నీళ్ళు డ్రమ్ములో పోసి, మూత పెట్టుకుని ఇంటికి వెళుతున్నారు. గోడ మీద పటంలో మా చుక్క మాత్రం అంతే ఉంది, దాని పక్కన మాట కూడా అంతే ఉంది. ఆ మాట మీద నేనొక పసుపు చీటీ అంటించాను. "ఇచ్చట రెండో నీళ్ళు దొరకును" అని రాసి ఉంటుంది. ఇంతవరకు దాన్ని ఎవరూ పీకలేదు.

ఇవన్నీ తర్వాత జరిగినవి. ఆ రోజు కాల్ అయిన వెంటనే నేను చిట్టాలో ఏమీ రాయడానికి కూడా కూర్చోలేదు. ఫోన్ తీసుకుని మెట్ల దగ్గరికి పరిగెత్తి అమ్మకు చేశాను. అటు వైపు బండ మీద బట్ట బాదుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మా, ఆ మిషన్ సంగతి తేలిపోయింది. తప్పు నీది కాదంట."

చప్పుడు ఆగింది.

"అంట ఏందే?" అంది అమ్మ. "గాళ్ళు అన్నది నాకెందుకు? నువ్వు జూసినవ్ గదా. నువ్వు చెప్పు."

మెట్ల మీద కూర్చున్నాను.

"తప్పు నీది కాదమ్మా. మాది."

అటు వైపు బట్ట పిండిన చప్పుడు వినిపించింది.

"గట్ల చెప్పు" అంది. "రేపు గా మిషన్ మీది చీర తీస్త."